మరక లేని చోటు

నేర పరిశోధన ప్రయోగశాలలో రక్త విభాగానికి ఆమే పెద్ద. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఎదుట పడితే అందరూ "మేడమ్" అనేవాళ్ళు, వెనక్కి తిరిగితే "కంట్రోలమ్మ" అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి వాళ్ళకూ తెలుసు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏదైనా గుడ్డ మీద రక్తపు మరక పరీక్షకు వస్తే, మరక ఉన్న చోట నాలుగు పోగులు తీస్తారు. అదే గుడ్డలో మరక లేని చోట ఇంకో నాలుగు పోగులు తీసి, రెంటినీ పక్కపక్కనే పరీక్షిస్తారు. ఆ రెండోదే కంట్రోలు. చాలామంది చెమటలోనూ ఉమ్మిలోనూ కూడా వాళ్ళ రక్తం గ్రూపు తాలూకు పదార్థం ఉంటుంది. వట్టి గుడ్డే 'ఏ' అని చూపిస్తుంటే, దాని మీది మరక 'ఏ' అని చూపించినా నమ్మడానికి వీల్లేదు. అందుకని కంట్రోలు లేని రిపోర్టును ఆమె కన్నెత్తి చూసేది కాదు. ఒకసారి సహాయకురాలు కంట్రోలు పెట్టడం మరిచిపోతే, వారం రోజుల పని దగ్గరుండి సింకులో పారబోయించింది. ఆ అమ్మాయి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కొచ్చి, మళ్ళీ మొదటి నుంచీ చేసింది. కంట్రోలమ్మ టీలో చక్కెర సరిపోయిందో లేదో చూడాలంటే ముందు చక్కెర వెయ్యని టీ ఇంకో కప్పులో పెట్టాలని ఆఫీసులో ఒక జోకు తిరిగేది.

ఆమె స్వభావమే అంత అనుకున్నారు అందరూ. పుట్టుకతోనే అలా వచ్చిందనుకున్నారు. పదిహేడేళ్ళ క్రితం ఆమె అలా ఉండేది కాదని చెప్పేవాళ్ళు ఆఫీసులో ఎవరూ మిగల్లేదు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు, ఎవరో ఉత్తరం పట్టుకొచ్చారని కింది నుంచి ఫోను వచ్చింది. దిగి వెళ్ళేసరికి బల్ల మీద ఒక భారీ మనిషి కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు. ఫ్యాను కిందే ఉన్నా చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మా లాయరమ్మ ఇది మీ చేతికే ఇచ్చి రమ్మంది మేడమ్. రెండుసార్లు పోస్టులో పంపితే జవాబు రాలేదట."

ఆమె కవరు చింపింది. పాత కేసు. అందులో సాక్ష్యంగా పెట్టిన చొక్కా ఇంకా భద్రంగా ఉందా, ఉంటే దాని మీది మరకకు డీఎన్ఏ పరీక్ష చేయించుకునే వీలుందా అని అడుగుతున్నారు. పైన కేసు నంబరు ఉంది. దాన్ని ఆమె రెండోసారి చదవక్కర్లేకపోయింది. ఇంట్లో ఫోను నంబరు మరిచిపోయినా మరిచిపోలేని నంబరు అది.

"మీరు..."

"లోపల ఉన్నది మా తమ్ముడు మేడమ్. పదిహేడేళ్ళయింది. నేను బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తా." అతను చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "చొక్కా ఇంకా ఉందంటారా?"

"చూడాలి. చాలా కాలమైంది కదా."

"ఉంటే బావుణ్ణు. అది నాదే అసలు."

కళ్ళజోడు సర్దుకోబోయిన ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది. "ఏది? చొక్కానా?"

"అవునండీ. ఆ రోజు వాడి బట్టలు ఆరలేదు. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చి చొక్కా విప్పి కుర్చీ మీద పడేస్తే, అదే తొడుక్కుని బయల్దేరాడు. ఒరేయ్, చెమట కంపు కొడుతుందిరా, మానెయ్ అన్నా. నీ కంపు నాకలవాటేలే అన్నయ్యా అని నవ్వుకుంటూ పోయాడు." అతను కూడా నవ్వబోయి మానుకున్నాడు.

"ఈ మాట అప్పుడు కోర్టులో చెప్పలేదా మీరు?"

"ఎవరూ అడగలేదు మేడమ్. చొక్కా ఎవరిదైతే ఏంటి, మరకే కదా ముఖ్యం అనుకున్నాం. మాకేం తెలుసు?"

ఆమె అడగకుండా ఉండాలనుకుంటూనే అడిగింది. "మీ బ్లడ్ గ్రూపు తెలుసా?"

"తెలియకేం! ఏ పాజిటివ్. ఏడాదికి రెండు మూడుసార్లు ఇస్తుంటా. వాడిదే ఓ. చిన్నప్పుడు నన్ను ఆస్పత్రి నుంచి తెచ్చారని, వాణ్ణి మాత్రం కన్నారని ఏడిపించేవాడు."

చూసి కబురు చేస్తానని చెప్పి ఆమె మెట్లెక్కింది.

ఆ కేసులో చనిపోయినవాడు రేకుల గోడౌను యజమాని. తలమీద ఇనప కడ్డీతో కొట్టి చంపారు. అంతకు ముందురోజు అతను తన దగ్గర రేకులు బిగించే కుర్రవాణ్ణి నలుగురిలో చెంపదెబ్బ కొట్టాడు. నీ సంగతి చూస్తానని ఆ కుర్రవాడు అనడం అందరూ విన్నారు. పోలీసులు వెళ్ళేసరికి అతని చొక్కా అంచు మీద అరచెయ్యంత మరక ఉంది. ఎడమచేతికి గాయం ఉంది. అది నా రక్తమే, రేకు కోసుకుంటే చొక్కాకి తుడుచుకున్నాను అని మొదటి రోజు నుంచీ ఒకటే మాట చెప్పాడు. అతని గ్రూపు 'ఓ'. చనిపోయినవాడి గ్రూపు 'ఏ'. మరక ఎవరిదో తేల్చమని చొక్కాను ఆమె దగ్గరకు పంపారు.

అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్ళ అనుభవం. మరక పోగులు ఒక గుంటల పలకలో, కంట్రోలు పోగులు ఇంకో పలకలో పెట్టి, గ్రూపును పట్టిచ్చే సీరం వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచింది. మర్నాడు మరక పలకను చల్లటి ఉప్పునీళ్ళతో కడిగి, వేడిచేసి, 'ఏ' రక్తకణాలు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు గుత్తులు గుత్తులుగా కూడుకున్నాయి. అంటే పోగుల్లో 'ఏ' ఉందన్నమాట. తర్వాత కంట్రోలు పలక తియ్యబోతే మోచెయ్యి తగిలింది. పలక కిందపడి బోర్లా తిరిగింది. పోగులు ఎక్కడివక్కడ గచ్చు మీద చెదిరిపోయాయి.

మళ్ళీ పెట్టాలంటే ఇంకో రోజు. అప్పటికి మధ్యాహ్నం మూడున్నర. రిపోర్టు కోసం వచ్చిన పోలీసాయన వరండాలో వాచీ చూసుకుంటున్నాడు. అయినా రేపు రమ్మంటే వచ్చేవాడే. కోర్టు వాయిదా ఇంకా ఆరు రోజులుంది. ఆమె తొందరకు కారణం ఆయన కాదు. ఇంట్లో వంటగది కొళాయి మూడు వారాలుగా కారుతోంది. బాగుచేసే మనిషి వస్తాను వస్తానని తిప్పుకుని తిప్పుకుని, ఆ రోజు ఐదింటికి తప్పకుండా వస్తానన్నాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్ళీ దొరకడు.

అంతే. ఈ పదిహేడేళ్ళలో ఇంతకంటే పెద్ద కారణం కోసం ఆమె చాలా వెతుక్కుంది. పిల్లకు జ్వరమో, అత్తగారికి ఆయాసమో ఆ రోజే ఎందుకు రాకూడదని కూడా అనుకుంది. ఏమీ రాలేదు. కొళాయి కారింది, అంతే. అప్పటిదాకా చేసిన వందలాది కంట్రోళ్ళలో నాలుగో ఐదో తప్ప అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఇదీ అలాగే వస్తుందిలే అనుకుని, కంట్రోలు గడిలో "ప్రతిచర్య లేదు" అని రాసి సంతకం పెట్టింది. ఐదింటికి ఇల్లు చేరింది. కొళాయి బాగయింది.

కోర్టులో ఆమె చెప్పింది పావుగంట. మరక 'ఏ' గ్రూపుది, నిందితుడిది కాదు, చనిపోయిన వ్యక్తి గ్రూపుతో సరిపోయింది. బోనులోంచి ఆ కుర్రవాడు, "అది నా రక్తమేనండీ, ఇంకోసారి చూడండి" అన్నాడు. జడ్జిగారు ఊరుకోమన్నారు. ఇలాంటివాళ్ళందరూ ఇదే అంటారనుకుని ఆమె సాక్షుల బోను దిగి వచ్చేసింది. యావజ్జీవం పడిందని తర్వాత పేపర్లో చూసింది. ఆ వారం నుంచే ఆమెకు కంట్రోళ్ళ పిచ్చి పట్టుకుంది. చెయ్యకుండా రాసింది ఒక్కటే కదా, చేసినా లేదనే వచ్చేది కదా అని తనకు తాను చెప్పుకుంటూ బతికింది. ఆ సర్దుబాటు పదిహేడేళ్ళు నిలబడింది. ఇప్పుడు చెమటతో తడిసిన ఒక మనిషి కింద బల్ల మీద కూర్చుని రెండు మాటల్లో దాన్ని లాగేశాడు.

మధ్యాహ్నం ఆమె స్టోరుకి వెళ్ళింది. అక్కడ పనిచేసేవాణ్ణి అందరూ స్టోరు బాబాయ్ అంటారు. ఆమె కంటే రెండేళ్ళు చిన్నవాడు, అయినా ఆమెకూ బాబాయే. నంబరు చెబితే నిచ్చెన వేసుకుని, తుమ్ముకుంటూ, నాలుగో అరలోంచి ఒక కాగితపు పొట్లం దించాడు. లోపల నీలం గళ్ళ చొక్కా. అంచు దగ్గర ఆమె కత్తిరించిన చిన్న చిన్న కంతలు.

"అదృష్టం అమ్మా దీనిది," అన్నాడు బాబాయ్. "పోయినేడు పైపు పగిలినప్పుడు మూడో అర మొత్తం నాని బూజు పట్టింది. అన్నీ రాసి పారేశాం. ఇది నాలుగులో ఉండబట్టి బతికింది." పొట్లం దుమ్ము దులిపి, గొంతు తగ్గించాడు. "లాయర్లు అడుగుతున్నారా? ఇప్పుడు మళ్ళీ కోర్టుల చుట్టూ తిప్పుతారు మిమ్మల్ని. నాలుగు నెలల్లో హాయిగా దిగిపోయేదానికి ఎందుకొచ్చిన తంటా? ఊఁ అనండి, ఇది కూడా మూడో అరలోనే పోయిందని రాసేస్తా. పుట్టేం మునగదు."

అతనికి ఏమీ తెలియదు. ఆమె మీద అభిమానంతో అన్నాడు. ఆమె వెంటనే వద్దని అనలేకపోయింది. చొక్కా మెడపట్టీ మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియలేదు. తర్వాతి రోజుల్లో ఆమెను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసింది ఆ మౌనమే. పదిహేడేళ్ళ కిందటి తప్పుకు, తెలియక చేశానన్న ముసుగైనా ఉంది. ఈ కాసేపటికి ఏ ముసుగూ లేదు.

"రేపు చెబుతా బాబాయ్," అంది చివరికి. "అప్పటిదాకా ఏమీ రాయకు."

సాయంత్రం భర్త బాల్కనీలో కూర్చుని రేడియో విప్పి బాగుచేస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి విన్నాడు.

"కొళాయి బాగుచేయించిన రోజా?" అన్నాడు నమ్మలేనట్టు.

"ఆ రోజే."

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "సరే. చొక్కా డీఎన్ఏకి పంపించు. నిజమేంటో అదే తేలుస్తుంది. అతని రక్తమే అయితే విడిచిపెడతారు. మధ్యలో నువ్వు కంట్రోలు చెయ్యలేదని చెప్పి మెడకు చుట్టుకోవడమెందుకు? చెప్పినా చెప్పకపోయినా వాడికి జరిగే న్యాయం జరుగుతుంది కదా."

మామూలుగా చూస్తే అందులో తప్పేమీ కనపడదు. అందుకే ఆమెకు భయమేసింది.

"డీఎన్ఏకి పాత కేసుల వరస ఉందండీ. పదకొండు నెలలు పడుతుంది."

"పదిహేడేళ్ళు ఉన్నవాడు ఇంకో పదకొండు నెలలు..." అని, ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"కంట్రోలు ఇప్పుడు చేస్తే రెండు రోజుల్లో తెలుస్తుంది," అంది ఆమె. "కానీ ఎందుకు చేస్తున్నావని అడుగుతారు. చెప్పాలి."

"చెబితే ఉద్యోగం..."

"పోతుంది."

ఆయన రేడియో మరలు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేశాడు. "ఆ రోజు నేను ఇంట్లో ఉండాల్సింది," అన్నాడు నెమ్మదిగా. "కొళాయి సంగతి నేను చూసుకోవలసింది."

"అది కాదండీ," అంది ఆమె. "దాన్ని మీరు తీసుకోకండి."

మర్నాడు ఆమె లాయరమ్మకు చొక్కా ఉందని జవాబు రాసింది. పాత పరీక్షలో లోపం ఉందన్న అనుమానం వచ్చింది, కంట్రోలు మళ్ళీ చేస్తాను, అనుమతి ఇవ్వండి అని డైరెక్టరుకు ఒక కాగితం పెట్టింది. సరేనన్నారు. పని తాను ముట్టుకోలేదు. సహాయకురాలిని పిలిచి, చొక్కా వీపు మీదా చంకల దగ్గరా మరక లేని చోట పోగులు తియ్యమంది. పక్కన కొత్త గుడ్డ పోగులు కూడా పెట్టించింది. పాత ఫైలు మాత్రం తన బల్ల సొరుగులోనే ఉంచుకుంది. పోగులు ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉన్నాయి. రెండో రోజు పన్నెండింటికి ఆ అమ్మాయి మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"ఏ ఉంది మేడమ్. చాలా గట్టిగా ఉంది. మూడు చోట్లా ఉంది. కొత్త గుడ్డలో ఏమీ లేదు."

ఆమె కూడా వంగి చూసింది. ఎర్రకణాలు ద్రాక్షగుత్తుల్లా ముద్దకట్టి ఉన్నాయి. అంత స్పష్టమైన కంట్రోలు ఆమె సర్వీసులో పదిసార్లు కూడా చూసి ఉండదు. ఆ రోజు పలక కింద పడకపోయి ఉంటే, ఒక్క చూపుకే తెలిసిపోయేది.

ఆమె సొరుగులోంచి ఫైలు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టింది. ఆ అమ్మాయి పేజీలు తిప్పి కంట్రోలు గడి దగ్గర ఆగింది.

"ఇక్కడ ప్రతిచర్య లేదని ఉందే మేడమ్? ఎవరు చేశారు?" కింద సంతకం చూసింది.

"చెయ్యలేదు," అంది ఆమె. "పలక పడిపోయింది. చేసినట్టు రాశాను."

ఆ అమ్మాయి ముఖంలో రంగు మారింది. ఫైలు మూసింది. మళ్ళీ తెరిచింది. "ఆ రోజు నా చేత సింకులో పోయించారు కదా మేడమ్," అంది. కోపంగా కూడా అనలేదు. "నేనెందుకూ పనికిరానేమోనని సంవత్సరం పాటు అనుకున్నాను."

ఆమె రిపోర్టు కాగితాలు ఆ అమ్మాయి ముందుకు జరిపింది. "రిపోర్టు నువ్వు రాయి. ఉన్నది ఉన్నట్టు," అని మాత్రం అంది. తన వాంగ్మూలం తాను రాసుకుంది. ఒకటిన్నర పేజీ వచ్చింది. కొళాయి సంగతి రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, అదీ రాసింది.

డైరెక్టరు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు. "పోయేది మీ ఒక్కరి పరువు అనుకుంటున్నారా? మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితం ఇప్పుడు లాగుతారు. ఈ గదిలో పనిచేసిన ప్రతివాళ్ళనీ నిలదీస్తారు. ఆ సంగతి ఆలోచించారా?"

"ఆలోచించానండీ."

"ఆలోచించి కూడా ఇచ్చారు."

"అవునండీ."

ఆ సాయంత్రమే సస్పెన్షన్ ఉత్తర్వు చేతికిచ్చారు. వరండాలో ఎదురైనవాళ్ళు గోడల మీది నోటీసులు చదువుతున్నట్టు ముఖాలు తిప్పుకున్నారు. స్టోరు బాబాయ్ ఒక్కడే గేటు దాకా వచ్చాడు. ఏమనాలో తెలియక, "జాగ్రత్తగా వెళ్ళండమ్మా, రోడ్డు తవ్వేశారు" అన్నాడు.

నెల తిరక్కుండా కోర్టులో వాదన వచ్చింది. అదే భవనం, వేరే జడ్జి. లాయరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. ప్రశ్నలు మెత్తగానే అడిగింది.

"ఆ చొక్కా మీద కంట్రోలు పరీక్ష చేశారా మేడమ్?"

"చెయ్యలేదు."

"చేసినట్టు రాశారా?"

"రాశాను."

"చేసి ఉంటే ఏం తెలిసేది?"

"మరక 'ఏ' అని చెప్పడానికి వీల్లేదని తెలిసేది. అది నిందితుడి రక్తమే అయినా ఆ చొక్కా మీద 'ఏ' అనే కనబడేది. అతను చెప్పింది నిజం కావచ్చునని తెలిసేది."

జడ్జిగారు రాసుకుంటున్న కలం ఆపి ఆమెను పైకీ కిందికీ చూశారు. వెనక ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. గోడ పక్కన పోలీసుల మధ్య ఒక బక్కపల్చని మనిషి కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. అతనెవరో ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ రోజు బోనులో చూసిన కుర్రవాడికి ఇరవై నాలుగేళ్ళు. ఇతనికి నలభై ఒకటి. ఆ రిపోర్టు రాసినప్పటి తన వయసు.

అతనికి బెయిలు ఇచ్చారు. కోర్టు తొందరపెట్టడంతో డీఎన్ఏ కూడా మూడు నెలల్లో వచ్చింది. మరక అతని రక్తమే. శిక్ష కొట్టేశారు. గోడౌను యజమానిని చంపిందెవరో ఇప్పుడిక తేల్చడానికి ఆధారాలేమీ మిగల్లేదు. ఆయన కూతురు కోర్టు మెట్ల మీద ఆమె పక్క నుంచి తగలకుండా తప్పుకుని దిగిపోయింది.

ఆమె ఉద్యోగం పోయింది. ఆమె పాత కేసులు రెండు వందల పన్నెండు తిరగతోడారు. సహాయకురాలు రిజిస్టర్లు తెచ్చి ముందు పెట్టేది, ఆమె ఒక్కొక్క గడి చూసి చెప్పేది. రెండు వందల పదింటికి ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగింది. ఒకటి ఈ చొక్కా. మిగిలిన ఒకటి, ఈ కేసుకు ఒక ఏడాది ముందుది, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు లేదని రాసింది. దాన్నీ మళ్ళీ పరీక్షకు పంపారు. ఇంకా రాలేదు.

ఒకరోజు ఇంటికి ఫోను వచ్చింది. "నేను చొక్కా కేసు మనిషినండీ," అంది అవతలి గొంతు. "ఒకసారి మా ఇంటికి రాగలరా? బేకరీ పైన మేడ గది."

తిట్టడానికే పిలిచాడనుకుంది. తిట్టించుకుంటే కాస్త తేలికపడుతుందేమోనన్న ఆశ కూడా లోపల ఎక్కడో కదిలింది. ఆ ఆశకే సిగ్గేసింది. భర్త తోడొస్తానంటే వద్దని, బస్సెక్కి వెళ్ళింది.

బేకరీ పక్క నుంచి ఇనప మెట్లు. మెట్ల మీదే బ్రెడ్డు వాసన, దాని వెనకే ఘాటైన సబ్బు వాసన. మేడ మీద తీగల నిండా చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఇద్దరుండే ఇంట్లో అన్ని చొక్కాలు ఎందుకో ఆమెకు తోచలేదు. తమ్ముడు మెట్ల చివర నిలబడి ఉన్నాడు.

"మిమ్మల్ని తిట్టడానికి పిలవలేదండీ," అన్నాడు. "తిట్టాల్సింది పదిహేడేళ్ళూ తిట్టాను. మీ పేరు తెలీదు. కళ్ళజోడావిడ అనేవాణ్ణి."

ఆమె తల వంచుకుంది.

"మా అమ్మ పోయినప్పుడు కూడా నన్ను జైల్లోంచి వదల్లేదు. ఇలా పిలిచానని కోపం పోయిందనుకోకండి. పోలేదు. మా అన్నయ్య గురించి పిలిచాను." అతను గొంతు తగ్గించాడు. "పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. రోజుకి నాలుగుసార్లు స్నానం చేస్తాడు. వేసుకున్న చొక్కా గంటకల్లా విప్పి ఉతుకుతాడు. నా చెమటే నిన్ను జైల్లో పెట్టిందిరా అంటాడు. ఆ రోజు నీ ఒంటి మీంచి అది లాగేసి ఉండాల్సింది అంటాడు. నేనెంత చెప్పినా ఊరుకోబెట్టడానికి చెబుతున్నాననుకుంటాడు. మీరు చెప్పండి. మీకు తెలిసినట్టు చెప్పండి."

లోపల మంచం మీద అన్న కూర్చుని ఉన్నాడు. ఆఫీసులో చూసిన భారీ మనిషి ఇప్పుడు చాలా తగ్గిపోయాడు. చేతుల చర్మం నీళ్ళలో నాని తెల్లబడి ఉంది. ఆమెను చూసి అలవాటుగా లేవబోయి, ఎవరో గుర్తొచ్చి, కూర్చుండిపోయాడు.

ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అందరికీ చెమట పడుతుందండీ," అని మొదలుపెట్టింది. "చాలామంది చెమటలో వాళ్ళ గ్రూపు ఉంటుంది. నా చెమటలోనూ ఉంటుంది. అది కొత్త సంగతి కాదు. మీరు పుట్టకముందే కనిపెట్టారు. ఒకరి చొక్కా ఇంకొకరు వేసుకుంటారని కూడా వాళ్ళకు తెలుసు. అందుకే మరక లేని చోట కూడా చూడమని పెట్టారు. అలా చూస్తే మీ చెమట మీ చెమటగానే కనబడుతుంది. ఎవరికీ ఏ హానీ చెయ్యదు. ఆ చూడాల్సిన పని నాది. నేను చూడలేదు. చూశానని రాశాను."

అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"మరి నేను ఆ రోజు వాణ్ణి ఆపి ఉంటే?"

"ఆపాల్సిన అవసరం మీకేముందండీ? తమ్ముడు అన్న చొక్కా వేసుకున్నాడు. అంతేగా జరిగింది."

"అయితే నా వల్ల కాదంటారు."

"కాదు."

"అంతా మీదేనంటారా?"

"అంతా నాదేనండీ. మీది ఇసుమంత కూడా లేదు."

తమ్ముడు గుమ్మం దగ్గర చొక్కాలకేసి తిరిగి నిలబడి ఉన్నాడు. వీపే తప్ప ముఖం కనబడటం లేదు. అన్న చేతిగుడ్డతో కళ్ళు ఒత్తుకుని, ముందుకు వంగాడు.

"ఇంకోసారి చెప్పండి మేడమ్," అన్నాడు. "ఆ మరక లేని చోటు సంగతి. నెమ్మదిగా చెప్పండి."

ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.